కెర్నెల్ చదువులో తోటివాళ్ల వాటా

నల్లటి తెర మీద, పైన ఎడమ మూలన, 42 అని రెండంకెలు. చూసేవాళ్లకి ఇందులో ఏముంది అనిపిస్తుంది. రాసినవాళ్లని అడగాలి. ఆ రెండంకెల వెనక విండోస్ లేదు, లినక్స్ లేదు, సి భాష నేర్చుకునే ప్రతివాళ్లకీ మొదటిరోజే పరిచయమయ్యే ప్రింట్‌ఎఫ్ కూడా లేదు. కంప్యూటర్ ఆన్ కాగానే గ్రబ్ అనే బూట్‌లోడర్ లేచి, వాళ్లు రాసిన కోడ్‌ని మెమరీలోకి ఎక్కించి, పగ్గాలు చేతికిచ్చి తప్పుకుంటుంది. తెరకి సంబంధించిన మెమరీ ఏ చిరునామాలో మొదలవుతుందో వాళ్లే వెతుక్కోవాలి. అక్షరానికో బైటు, రంగుకో బైటు చొప్పున వాళ్లే నింపాలి. ఎక్కడో ఒక అంకె తప్పితే తెర నల్లగానే ఉండిపోతుంది, లేదా యంత్రం మళ్లీ మళ్లీ రీబూట్ అవుతూ కూర్చుంటుంది. తప్పు ఎక్కడుందో చెప్పే నాథుడుండడు.

‘42’ అనే బడుల గొలుసు తయారుచేసిన ‘కెర్నెల్ ఫ్రమ్ స్క్రాచ్’ ప్రాజెక్టుల వరసలో ఇది మొదటి మెట్టు. ఆ పైన స్టాక్, మెమరీ పేజీలు, ఇంటరప్టులు, ప్రాసెస్‌లు, ఫైల్ సిస్టమ్ అంటూ మెట్లు పెరుగుతూ పోతాయి. గ్జావియే నియెల్ అనే ఫ్రెంచి వ్యాపారవేత్త 2013లో పారిస్‌లో మొదలుపెట్టిన ఈ బడికి సింగపూర్ శాఖ 2023లో, సింగపూర్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ డిజైన్ ఆవరణలో తెరుచుకుంది. ఫీజు లేదు. పాఠం చెప్పే లెక్చరర్లూ లేరు. చేరినవాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి, ఒకరి పని ఒకరు దిద్దాలి. కెర్నెల్ వరస ప్రాథమిక ప్రాజెక్టులన్నీ దాటాక వచ్చేది కాబట్టి అక్కడిదాకా అందరూ రారు. వచ్చినవాళ్లకి మాత్రం పక్క కుర్చీలోవాళ్లే గురువులు.

ఇది వినగానే మనవాళ్లకి రెండు అనుమానాలు వస్తాయి. కంప్యూటర్ విద్యల్లోకెల్లా కష్టమనిపించుకున్న కెర్నెల్ ప్రోగ్రామింగ్, ఓనమాలు దిద్దుతున్నవాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటే వస్తుందా? వస్తే, ఆ సాయం ఎక్కడిదాకా ఆదుకుంటుంది? ఈ ప్రశ్నల్ని సింగపూర్‌లో పెట్టి చూడటానికి ఒక కారణం ఉంది. పరీక్షలతో మార్కులతో నడిచే పెద్ద విశ్వవిద్యాలయాలు, గురువులే లేని 42, ఏ ఊరివాళ్లయినా చేరగలిగే లినక్స్ అభివృద్ధి, ఈ మూడు పద్ధతులూ ఆ చిన్న దీవిలో మెట్రో రైలెక్కి తిరిగేంత దూరంలో దొరుకుతాయి. మూడింటిలోనూ తోటివాళ్ల సాయం ఉంది. కానీ మూడూ ఒకటి కావు. తేడా అంతా ఎవరి కోడ్ ఎవరు చూడొచ్చు అన్న నియమం దగ్గర ఉందని నా అభిప్రాయం.

ముందు కెర్నెల్ అంటే ఏమిటో రెండు మాటలు. ప్రాసెసర్ ఏ ప్రోగ్రాంకి ఎంతసేపు, మెమరీ ఎవరికెంత, డిస్కు మీద ఎవరు రాయొచ్చు ఎవరు రాయకూడదు, ఈ తగవులన్నీ తీర్చే పెద్దమనిషి కెర్నెల్. మామూలు ప్రోగ్రాం దారి తప్పితే కెర్నెల్ దాన్ని చంపేసి మిగతావాటిని కాపాడుతుంది. కెర్నెలే దారి తప్పితే దాని పైన కాపాడేవాళ్లెవరూ లేరు. అందుకే వెబ్‌సైట్లు, యాప్‌లు రాయడంలో చేయి తిరిగినవాళ్లు కూడా ఇక్కడ కొత్త బిచ్చగాళ్లే. వాళ్లు అలవాటుపడ్డ లైబ్రరీలు ఉండవు. ఒకే సమయంలో రెండు ప్రాసెసర్లు ఒకే వేరియబుల్ మీద చేయి వేస్తే ఏమవుతుందో వాళ్లెప్పుడూ ఆలోచించి ఉండరు. పైగా ఆ బగ్ వందసార్లలో ఒకసారి కనబడి, చూపిద్దామని ఎవరినైనా పిలిస్తే మాయమవుతుంది.

ఈ విద్య మొదటినుంచీ తోటివాళ్ల చేతుల మీదుగానే నడిచింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1976లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆరో ఎడిషన్ కెర్నెల్‌ని దాదాపు మొత్తంగా అచ్చువేసి, దాని మీద వ్యాఖ్యానం విడిగా రాసి విద్యార్థుల చేతికిచ్చాడు. సుమారు తొమ్మిది వేల లైన్లు. ఒక మనిషి కూర్చుని మొత్తం చదివి అర్థం చేసుకోగలిగిన కెర్నెల్. 1979లో ఏడో ఎడిషన్ లైసెన్సుతో సోర్సు కోడ్‌ని తరగతిలో చెప్పడానికి యూనిక్స్ సొంతదారైన ఏటీ అండ్ టీ కంపెనీ వీల్లేదంది. దాంతో లయన్స్ పుస్తకం జిరాక్సుల్లో బతికింది. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి, జిరాక్సుకి జిరాక్సుగా, అక్షరాలు వెలిసిపోయేదాకా తిరిగింది. చట్టబద్ధంగా మళ్లీ అచ్చయింది 1996లోనే. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద అమ్మే క్లాసు నోట్సు జిరాక్సులు కొనుక్కుని, హాస్టల్ గదిలో నలుగురూ పంచుకుని చదివినవాళ్లకి ఆ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఏటీ అండ్ టీ ఆంక్ష వల్లే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ పాఠం చెప్పుకోవడానికి సొంతంగా మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసి 1987లో పుస్తకంతో పాటు ఇచ్చాడు. దాన్ని నడుపుతూ నేర్చుకున్న హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, 1991 ఆగస్టు 25న తోటి మినిక్స్ వాడకందార్లకి ఒక కబురు పెట్టాడు. సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను, అందులో ఏం ఉండాలో చెప్పండి అన్నది దాని సారాంశం. ఇరవయ్యొకటేళ్ల కుర్రాడు తనలాంటివాళ్లని సలహా అడిగాడు. ఆ తర్వాతిదంతా చరిత్ర. మొదటి లినక్స్ పది వేల లైన్లు. 2025 మొదట్లో అది నాలుగు కోట్లు దాటింది. లయన్స్ విద్యార్థులకి దొరికిన సుఖం, అంటే మొదటినుంచి చివరిదాకా చదివేయడం, ఇప్పుడెవరికీ లేదు. అందుకే ఎంఐటీ వాళ్లు 2006లో ఆ పాత ఆరో ఎడిషన్ పోలికలతోనే ఎక్స్‌వీ6 అనే బుల్లి కెర్నెల్ రాసుకుని దాంతో పాఠం చెబుతున్నారు. ప్రపంచంలో చాలా కాలేజీలు దాన్నే తెచ్చుకున్నాయి.

ఇక సింగపూర్ విశ్వవిద్యాలయాల సంగతి. నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్‌లో సీఎస్2106 అనే కోర్సుతో ఆపరేటింగ్ సిస్టమ్ చదువు మొదలవుతుంది. ప్రాసెస్‌లు పుట్టించడం, సెమఫోర్లతో వాటిని అదుపులో పెట్టడం, షేర్డ్ మెమరీ, ఫైళ్లు, అన్నీ సి భాషలో, లినక్స్ మీద. కానీ అవన్నీ కెర్నెల్‌కి బయట నిలబడి తలుపు తట్టే పనులు. కెర్నెల్‌ని సొంతంగా కంపైల్ చేసి, అందులో డ్రైవర్ రాసి ఎక్కించే పని సీఎస్5250 లాంటి పైకోర్సుల్లో వస్తుంది. నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ వాళ్లు తమ ల్యాబుల్లో నాకోస్ వాడారు. అది 1992లో బర్కిలీలో పుట్టిన బోధనా కెర్నెల్. అసలు యంత్రం మీద కాకుండా, లోపల ఒక ఉత్తుత్తి ప్రాసెసర్ పెట్టుకుని మామూలు ప్రోగ్రాంలా నడుస్తుంది. కూలిపోయినా లాప్‌టాప్‌కి ఏమీ కాదు. కొత్తవాళ్లకి ఆ భరోసా చిన్నదేం కాదు.

మన దగ్గర జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ చేసినవాళ్లకి ఇది వేరే లోకంలా కనబడొచ్చు. అక్కడ ఎఫ్‌సీఎఫ్‌ఎస్, రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథమ్, పేజీ రీప్లేస్‌మెంట్, అన్నీ సి ప్రోగ్రాములుగా అనుకరించి, అవుట్‌పుట్ రికార్డులో రాసి సంతకం పెట్టించుకోవడమే. షెడ్యూలర్ గురించి పది మార్కుల జవాబు అనర్గళంగా రాసేవాళ్లు నిజమైన షెడ్యూలర్ ఫైలు ఒక్కసారైనా తెరిచి ఉండరు. రికార్డులు మాత్రం అందరివీ ఒక్కలాగే ఉంటాయి. ఇక్కడ తోటివాళ్ల సాయం లేదని కాదు, కాపీ రూపంలో దండిగా ఉంది.

సింగపూర్‌లో దీనికి సరిగ్గా ఎదురు. అసైన్‌మెంట్ గురించి మాట్లాడుకోవచ్చు, బొమ్మ గీసి చెప్పుకోవచ్చు, కోడ్ మాత్రం చూపించకూడదు. రెండు కోడ్‌ల మధ్య పోలికలు పట్టే మాస్ లాంటి సాఫ్ట్‌వేర్లు 1994 నుంచీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. దొరికితే శిక్ష మామూలుగా ఉండదు. మార్కులిచ్చే చోట అది న్యాయమే. పైగా ఆ విశ్వవిద్యాలయాలకి తోటివాళ్ల బోధన కొత్తకాదు. నేషనల్ యూనివర్సిటీలో మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ కోర్సు సీఎస్1101ఎస్‌లో చిన్న చిన్న గుంపులకి పాఠం చెప్పేది ఏడాదీ రెండేళ్లూ పైన చదువుతున్న విద్యార్థులే. వాళ్లని ముద్దుగా అవెంజర్స్ అంటారు. వేసవిలో నడిచే ఆర్బిటల్ కార్యక్రమంలో మొదటి సంవత్సరం పిల్లలు ఇద్దరిద్దరుగా జట్టుకట్టి ప్రాజెక్టు చేస్తారు. ఒక జట్టు పనిని ఇంకో జట్టు పరిశీలించి అభిప్రాయం రాయడం అందులో తప్పనిసరి భాగం. అంటే వెబ్, మొబైల్ ప్రాజెక్టుల్లో తోటివాళ్ల పరిశీలన ఉంది. పరిశీలన అన్నింటికన్నా ఎక్కువ అవసరమైన కెర్నెల్ దగ్గరికి వచ్చేసరికి ఎవరి కోడ్ వాళ్ల గుప్పిట్లోనే ఉండిపోతోంది. ఇది నాకు నచ్చని సంగతి. కారణం చెప్పాలంటే కోడ్ దాకా దిగాలి.

కెర్నెల్ మాడ్యూళ్లు నేర్చుకునేవాళ్లు ‘హలో వరల్డ్’ దాటాక మొదట రాసేది క్యారెక్టర్ డివైస్ డ్రైవర్. డెవ్ డైరెక్టరీలో ఒక ఫైలు కనబడుతుంది. దాన్ని ఏ ప్రోగ్రామైనా చదివితే డ్రైవర్ ఒక వాక్యం అందించాలి. చదివే ప్రోగ్రాం తన బఫర్ చిరునామా ఇస్తుంది, అది డ్రైవర్‌లోని రీడ్ ఫంక్షన్‌కి చేరుతుంది. కొత్తవాళ్లు ఏం చేస్తారు? చిరునామా చేతిలో ఉంది, వాక్యం చేతిలో ఉంది, మెమ్‌కాపీ అనే ఫంక్షన్ చిన్నప్పటినుంచీ తెలుసు. కాపీ చేసేస్తారు. వాళ్ల వర్చువల్ మెషీన్‌లో చక్కగా నడుస్తుంది. స్నేహితుడు అదే కోడ్ తన యంత్రంలో ఎక్కించి ఫైలు చదువుతాడు. కెర్నెల్ ఊప్స్ అంటుంది. నిజంగానే ఆ మాటే అచ్చువేస్తుంది.

ఇక వాదన. నా దగ్గర పనిచేసింది, తప్పు నీ సెటప్‌లో ఉందని ఒకరు. కోడే తప్పని ఇంకొకరు. అసలు కారణం ప్రాసెసర్‌లో ఉంది. 2014లో ఇంటెల్ బ్రాడ్‌వెల్ చిప్‌లతో స్మ్యాప్ అనే కాపలా వచ్చింది. యూజర్ ప్రోగ్రాం మెమరీని కెర్నెల్ పొరపాటున కూడా నేరుగా తాకకుండా అది అడ్డుకుంటుంది. క్యూఈము ఎమ్యులేటర్‌ని ఏ ఆప్షన్లూ ఇవ్వకుండా నడిపితే వచ్చే ప్రాసెసర్ నమూనాలో ఆ కాపలా ఉండదు. సరైన దారి కాపీ టు యూజర్ అనే ఫంక్షన్. అది చిరునామా నిజంగా యూజర్‌దేనా అని చూస్తుంది, కాపలాని క్షణంపాటు పక్కకి తప్పిస్తుంది, మధ్యలో ఏదైనా తేడా వస్తే ఎన్ని బైట్లు మిగిలాయో చెబుతుంది. మొదటివాళ్ల యంత్రంలో నడిచిన కోడ్ పెద్ద భద్రతా రంధ్రం. చదివే ప్రోగ్రాం దురుద్దేశంతో కెర్నెల్ చిరునామానే ఇస్తే డ్రైవర్ నోరెత్తకుండా అక్కడ రాసేసేది.

గమనించండి, ఇక్కడ పాఠం చెప్పింది స్నేహితుడి తెలివి కాదు. అతని లాప్‌టాప్ వేరేది కావడం. కోడ్ ఇంకొకరి యంత్రంలో, ఇంకొకరి చేతిలో, ఇంకొకరి అలవాట్ల మధ్య నడిచినప్పుడే ఈ బగ్ బయటపడుతుంది. కోడ్ చూపించకూడదన్న చోట ఇది జరగదు. పరీక్షించే సర్వర్‌లో ఆ కాపలా లేకపోతే మార్కులు కూడా వచ్చేస్తాయి.

తోటివాళ్ల సాయం దారి తప్పేదీ ఇక్కడే. ఇద్దరికీ స్మ్యాప్ సంగతి తెలియదనుకోండి. ఎవరో ఒకరు వెతికి, బూట్ అయ్యేటప్పుడు ఆ కాపలాని ఆపేసే ఆప్షన్ ఒకటి పట్టుకొస్తారు (పాత కెర్నెళ్లలో అది ఉండేది). ఊప్స్ పోతుంది. ఇద్దరూ సంబరపడతారు. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపడమంటే ఇదే. పని జరగడానికీ కోడ్ సరిగా ఉండటానికీ తేడా చెప్పడానికి ఆ గదిలో ఒక్కరైనా కాస్త ముందున్నవాళ్లు కావాలి.

ఎంత ముందు? పెద్ద నిపుణులే అక్కర్లేదు. ఊప్స్ సందేశం చదవడం వస్తే చాలు. తెర నిండా వచ్చే ఆ అంకెల జాతరలో కొత్తవాళ్లు చివరి లైన్లు పట్టుకుని తికమకపడతారు. నేర్చినవాళ్లు మొదటి ఊప్స్ దగ్గరికే వెళతారు, ఎందుకంటే తర్వాతివన్నీ దాని పర్యవసానాలు కావచ్చు. అందులో ప్రాసెసర్ ఆగిన చోటు చెప్పే లైనొకటి ఉంటుంది. ఫంక్షన్ పేరు, ప్లస్ గుర్తు, ఒక అంకె, ఏటవాలు గీత, ఇంకో అంకె. అంకెలు హెక్సాడెసిమల్‌లో 40, 90 అని ఉంటే, ఆ ఫంక్షన్ మొత్తం నిడివి 144 బైట్లు, అందులో మొదటినుంచి 64వ బైటు దగ్గర చచ్చిందని అర్థం. కెర్నెల్ సోర్సుతో పాటే వచ్చే చిన్న స్క్రిప్టుకి ఆ లైను అందిస్తే, సోర్సులో ఏ ఫైలు ఏ లైనో చెప్పేస్తుంది. ఇది పుస్తకంలో చదివితే ఎక్కదు. పక్కన కూర్చుని ఒకసారి వేలుపెట్టి చూపిస్తే జన్మలో మరిచిపోరు. ‘ఇది చేయి’ అని జవాబు చెప్పేవాళ్లకన్నా ‘ఇక్కడ చూడు’ అనేవాళ్లు మేలని కెర్నెల్ పని చేసే ఎవరైనా ఒప్పుకుంటారు.

42లో ఈ చూడటమే నియమం. ప్రాజెక్టు అయిపోయిందనుకున్నవాళ్లు మూల్యాంకనం కోసం సమయం పెట్టుకుంటారు. దిద్దడానికి తోటి విద్యార్థి వస్తారు. ఖాళీ ఫోల్డర్‌లోకి కోడ్‌ని కొత్తగా దింపి, కంపైల్ చేసి, పట్టిక ప్రకారం పరీక్షిస్తారు. ఆపైన ప్రశ్నలు. ఈ లైను ఎందుకు? ఇది తీసేస్తే ఏమవుతుంది? రాసినవాళ్లు వివరించలేకపోతే, ప్రోగ్రాం ఎంత బాగా నడిచినా ఒప్పుకోరు. మోసం తేలితే వచ్చే మార్కు మైనస్ 42. దిద్దించుకోవడానికి ఒక పాయింటు ఖర్చవుతుంది, ఇంకొకరిది దిద్దితే ఒక పాయింటు వస్తుంది. కాబట్టి ఇతరుల కోడ్ చదవకుండా ముందుకు కదలడం అసాధ్యం. ఈ ఒక్క ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ఒకే మెమరీ ఎలొకేటర్‌ని పదిమంది పదిరకాలుగా రాసింది చూసినవాళ్లకి, తను రాసింది అనేక దారుల్లో ఒకటని తెలుస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఈరోజు నాది నువ్వు చూసీచూడనట్టు వదిలేయి, రేపు నీది నేను వదిలేస్తానన్న ఒప్పందాలకి చోటుంది. దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. పట్టికలో ఉన్న పరీక్షలే జరుగుతాయి. రెండు ప్రాసెసర్ల మధ్య పోటీ వల్ల ఎప్పుడో ఒకసారి వచ్చే బగ్ ముప్పావుగంట మూల్యాంకనంలో దొరకదు. లాక్ (ఒకరు వాడుతుండగా ఇంకొకరిని ఆపే తాళం) ఎక్కడ తీసుకోవాలి, తీసుకుని ఉండగా ఏ ఫంక్షన్లు పిలవకూడదు లాంటివి అనుభవం మీద వచ్చే జ్ఞానం. స్పిన్‌లాక్ అనే రకం లాక్ పట్టుకుని ఉండగా నిద్రపోయే ఫంక్షన్‌ని పిలిస్తే యంత్రం మొత్తం బిగుసుకుపోవచ్చు. అలా ఒకసారైనా చేతులు కాల్చుకున్నవాళ్లు గుంపులో లేకపోతే ఆ ప్రశ్న అడగాలన్న ఊహే ఎవరికీ రాదు.

పుస్తకాలు ఈ లోటు పూడుస్తాయా అంటే, కొంతవరకే. డ్రైవర్లు నేర్చుకునేవాళ్లందరూ చదివిన ప్రసిద్ధ గ్రంథం ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడో ఎడిషన్ 2005 నాటిది. అందులో సూత్రాలకి ఢోకా లేదు, ఉదాహరణలు మాత్రం ఈనాటి కెర్నెల్‌లో కంపైల్ కావు. లినక్స్ బయటి ప్రోగ్రాములకి ఇచ్చిన మాట తప్పదు కానీ, లోపలి ఫంక్షన్లని ఎప్పుడు పడితే అప్పుడు మార్చేస్తుంది. తొమ్మిది పది వారాలకో కొత్త విడుదల. ప్రాక్ ఫైళ్లు తయారుచేసే పద్ధతి 2020లో 5.6తో మారింది. డివైస్ క్లాసు సృష్టించే ఫంక్షన్‌కి ఉన్న రెండు ఆర్గ్యుమెంట్లలో ఒకటి 2023లో 6.4తో ఎగిరిపోయింది. నిన్నటి పాఠం ఈరోజు ఎర్రర్ అవుతుంది. అందుకే నిరుడు ఇదే అసైన్‌మెంట్ చేసిన సీనియర్‌కి ఉన్న విలువ ఇరవైయేళ్ల కిందటి ఉద్గ్రంథానికి ఉండదు. ఏఐ చాట్‌బాట్‌ల బాధా ఇదే. అవి పాత ఉదాహరణలూ కొత్తవీ కలిపి చదువుకున్నాయి. రెండూ కలగలిపి, తడుముకోకుండా చెప్పేస్తాయి. ఎర్రర్ అర్థం చెప్పించుకోవడానికి బాగానే పనికొస్తాయి, లాకింగ్ సలహాకి మాత్రం నేను వాటిని నమ్మను.

మూడో పద్ధతి అసలు లినక్స్. ఇక్కడ అంతా బహిరంగం. ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపితే ఆ భాగం చూసుకునే మెయింటెయినర్ లైను లైనుకీ వ్యాఖ్య రాసి తిప్పికొడతారు, లోకమంతా చదువుతుంది. కొత్తవాళ్లు చేయి సాపుచేసుకోవడానికి 2008లో స్టేజింగ్ అనే విభాగం పెట్టారు. నాణ్యత చాలని డ్రైవర్లు అందులో ఉంటాయి, వాటిని శుభ్రం చేస్తూ పద్ధతులు నేర్చుకోవచ్చు. లినక్స్ ఫౌండేషన్ మెంటార్‌షిప్, ఔట్‌రీచీ లాంటి కార్యక్రమాలు అనుభవజ్ఞుల పక్కన కొన్ని నెలలు కూర్చోబెడతాయి. ఒకప్పుడు అక్కడి మాట చాలా కరుకు. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన ప్రవర్తనకి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకోవడం, ప్రవర్తనా నియమావళి రావడం, ఆ తర్వాత కొంత మెత్తబడటం జరిగాయి. నమ్మకం మాత్రం తేలిగ్గా దొరకదు. 2021లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు, పట్టుకుంటారో లేదో చూద్దామని కావాలనే తప్పుడు ప్యాచ్‌లు పంపిన సంగతి రచ్చకెక్కి, ఆ విశ్వవిద్యాలయం మొత్తం నుంచి వచ్చేవాటిని నిలిపేశారు. సమీక్షకులు సమయాన్ని దానంగా ఇస్తున్నారన్న సంగతి మరిచిపోతే ఇలాగే ఉంటుంది.

సింగపూర్ విద్యార్థికి ఈ లోకంలోకి అడుగుపెట్టడంలో ఉన్న ఇబ్బంది ఒంటరితనం. మెయింటెయినర్లలో ఎక్కువమంది అమెరికా, ఐరోపాల్లో ఉంటారు. ఇక్కడ పొద్దున ప్యాచ్ పంపితే జవాబు రాత్రికో మర్నాటికో. ఆ మధ్యలో ‘వాడేమంటున్నాడో నాకర్థం కాలేదు, నువ్వు చూడు’ అని అడగడానికి పక్కన ఒకరుండాలి. అలాంటి చోట్లు సింగపూర్‌లో లేకపోలేదు. 2009లో బుసోరా వీధిలో మొదలైన హ్యాకర్‌స్పేస్, నేషనల్ యూనివర్సిటీ పిల్లలు నడిపే ఎన్‌యూఎస్ హ్యాకర్స్ శుక్రవారం సభలు, ఏళ్లపాటు అక్కడే జరిగిన ఫాస్‌ఏషియా సదస్సులు, అన్నీ అలాంటివే. అయితే వాటిలో వెబ్, డేటా, ఏఐ ముచ్చట్ల వాటా ఎక్కువ. ఉద్యోగాలు బ్యాంకుల్లో, యాప్ కంపెనీల్లో ఉన్నప్పుడు అంతే కదా.

దీనికి ఒక మినహాయింపు భద్రతా రంగం. క్యాప్చర్ ద ఫ్లాగ్ పోటీల్లో కెర్నెల్‌లో రంధ్రం వెతికి లోపలికి దూరే సవాళ్లుంటాయి. జట్టుగా ఆడతారు, ఆట అయ్యాక ఎలా ఛేదించారో రాసి అందరికీ చూపిస్తారు. ఎన్‌యూఎస్ గ్రేహ్యాట్స్ లాంటి విద్యార్థి సంఘాలు ఆ పని చేస్తున్నాయి. సింగపూర్ సంస్థ స్టార్ ల్యాబ్స్ 2025లో బెర్లిన్‌లో జరిగిన ప్వన్2ఓన్ పోటీలో అగ్రస్థానం గెలిచింది. వాళ్ల విజయాల్లో ఒకటి లినక్స్ కెర్నెల్‌లో వదిలేసిన మెమరీని మళ్లీ వాడే లోపంతో డాకర్ డెస్క్‌టాప్ గోడ దూకడం. కెర్నెల్ కట్టే చదువుకన్నా పగలగొట్టే చదువులో తోటివాళ్ల సాయం బాగా పండటం వింతేమీ కాదు. అక్కడ కోడ్ దాచుకోవాలన్న నియమం లేదు.

ఆసియాలోనే ఇంకో మంచి నమూనా తైవాన్‌లో ఉంది. నేషనల్ చెంగ్ కుంగ్ విశ్వవిద్యాలయంలో జిమ్ హువాంగ్ చెప్పే లినక్స్ కెర్నెల్ కోర్సులో విద్యార్థులు తమ అసైన్‌మెంట్ నోట్సు బహిరంగంగా పెడతారు, ఒకరిది ఒకరు చదివి తప్పులెంచుతారు. పాతబడిపోయిన కెర్నెల్ మాడ్యూల్ గైడుని ఇప్పటి కెర్నెళ్లకి సరిపడా తిరగరాసి నిలబెట్టింది కూడా ఆయన బృందమే. మార్కులూ ఉన్నాయి, బహిరంగతా ఉంది. రెండూ ఒక ఒరలో ఇమడవన్న వాదన అక్కడ నిలవలేదు.

ఇన్ని చూశాక నా తీర్పు ఇది. తోటివాళ్ల సాయంతో కెర్నెల్ చదువు మొదలవుతుంది, సగందాకా నడుస్తుంది కూడా. సెటప్, ఎర్రర్లు చదవడం, పాత పాఠాల్ని కొత్త కెర్నెల్‌కి సర్దుకోవడం, ధైర్యం, ఈ నాలుగింటికీ వాళ్లని మించినవాళ్లు లేరు. లాకింగ్, మెమరీ క్రమం, భద్రత దగ్గర మాత్రం చేతులు కాల్చుకున్న పెద్దవాళ్లు కావాలి, వాళ్లు దొరికేది బహిరంగ సమీక్షలోనే. ఈ రెంటికీ వంతెన ఇతరుల కోడ్ చదవడం. సింగపూర్ విశ్వవిద్యాలయాలు కాపీ భయంతో ఆ వంతెనని మూసేశాయి, మన కాలేజీలు కాపీకి తలుపులు బార్లా తెరిచి చదవడాన్నే మరిచాయి.

చదవడానికి సరుకు కూడా దూరాన లేదు. 1989లో సౌండ్ బ్లాస్టర్‌తో ప్రపంచ కంప్యూటర్లకి గొంతునిచ్చిన క్రియేటివ్ టెక్నాలజీ సింగపూర్ కంపెనీయే. ఆ వంశంలోని ఈఎంయూ10కే1 చిప్ ఉన్న సౌండ్ కార్డుల డ్రైవర్‌ని ఆ కంపెనీ 1999లో స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. ఎక్స్-ఫై కార్డుల విషయంలో లినక్స్ వాడకందార్లని చాలాకాలం ఎదురుచూపించి 2008లో సోర్సు ఇచ్చింది. ఆ కుటుంబాల డ్రైవర్లు ఈనాటికీ కెర్నెల్‌లో సౌండ్ డైరెక్టరీ కింద ఉన్నాయి. ఇంటరప్టు వస్తే ఏం చేస్తారు, లాక్ ఎక్కడ పడతారు, చిప్‌తో ఎలా మాట్లాడతారు, అన్నీ అక్కడ కనబడతాయి.

ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే అధ్యాపకులకి, సింగపూర్‌లో అయినా హైదరాబాద్, విజయవాడల్లో అయినా, నా విన్నపం ఒక్కటే. అసైన్‌మెంట్ గడువు ముగిసి, మార్కులు వేసేశాక, ఒక ల్యాబ్ గంట కేటాయించి ఎవరి కోడ్ వాళ్లు కాకుండా పక్కవాళ్లది చదివి, కంపైల్ చేసి, ప్రశ్నలడిగేలా చేయండి. అప్పటికి కాపీ భయం ఉండదు. కెర్నెల్ పని చేస్తూ సింగపూర్‌లో స్థిరపడ్డ మనవాళ్లు నెలకో సాయంత్రం ఆ గదిలో కూర్చుంటే, లాక్‌ల గురించి అడగాల్సిన ప్రశ్నలు పిల్లలకి అందుతాయి.